మచ్చ పెరుగుతోందేమో చూసుకో

చిరంజీవి శశాంక్‌కి,

వేసవికి ఇంటికి వెళ్లకుండా క్యాంపస్‌లోనే ఉంటున్నావని, శనాదివారాలు క్రికెట్ లేకపోతే కొండలెక్కడం అని మీ అమ్మ చెప్పింది. సంతోషం రా, తిరగాల్సిన వయసే. కాకపోతే నువ్వుంటున్నది కనెక్టికట్‌లో. ఇన్నేళ్లు ఇక్కడ ఫ్యామిలీ డాక్టరుగా పనిచేసినదాన్ని కాబట్టి, మే నెల వచ్చిందంటే నాకు ముందు పిడుదు కాటుతో వచ్చే లైమ్ జబ్బే గుర్తొస్తుంది. దాని గురించి నీకు వివరంగా చెప్పాలి.

ఆ జబ్బుకు పేరు తెచ్చిన లైమ్ మీ క్యాంపస్‌కి కారులో గంట దూరంలో ఉన్న చిన్న ఊరు. 1970ల్లో ఆ చుట్టుపక్కల చాలామంది పిల్లలకు మోకాళ్లు వాచిపోతుండేవి. పాలీ ముర్రే అనే ఇల్లాలు తన ఇంట్లోనూ ఇరుగుపొరుగునా కనిపించిన బాధలన్నీ రాసిపెట్టుకుంది. డాక్టర్లు తేలిగ్గా తీసిపారేసినా వదలకుండా 1975లో ఆరోగ్య శాఖ దాకా వెళ్లింది. యేల్ యూనివర్సిటీ నుంచి అలెన్ స్టీర్ అనే యువ వైద్యుడు ఆ కేసులు పరిశీలిస్తే, వాపు రావడానికి కొన్ని వారాల ముందు ఒంటిమీద ఎర్రటి మచ్చ పాకిందని కొన్ని కుటుంబాలవాళ్లు చెప్పారు. జబ్బు తెచ్చే బాక్టీరియాను విల్లీ బర్గ్‌డోర్ఫర్ అనే శాస్త్రవేత్త పిడుదుల కడుపులో చూసింది 1981లో. అంటే ఏ ప్రయోగశాలా పట్టుకోకముందే ఇళ్లలో మనుషులు తమ కళ్లతో చూశారన్నమాట. ఇప్పటికీ అంతే. తొలి రోజుల్లో ఈ జబ్బును పట్టిచ్చేది చర్మమే.

పిడుదు అనగానే మన ఊళ్లో కుక్క చెవుల్లో ఉబ్బిపోయి కనిపించేవాటిని ఊహించుకోకు. మే నుంచి జులై దాకా ఇక్కడ పట్టేవి పిల్ల పిడుదులు, గసగసాల గింజంత ఉంటాయి. కరిచినా నొప్పి తెలియదు. అందుకే జబ్బు వచ్చినవాళ్లలో చాలామంది తమనేదీ కరవలేదనే చెబుతారు. ఇవి ఎగరవు, దూకవు. గడ్డి కొసన ముందుకాళ్లు చాపుకుని కూర్చుని, రాసుకుంటూ వెళ్లేవాళ్లను పట్టుకుంటాయి. గ్రౌండు మధ్యలో ఆడుతున్నంతసేపూ పెద్ద భయం లేదు. బంతి తుప్పల్లో పడ్డప్పుడు నిక్కరుతో లోపలికి దూరిపోతారు చూడు, అక్కడే. ఆకులు రంగు మారే అక్టోబరు, నవంబరుల్లో పెద్ద పిడుదులు తిరుగుతాయి. అప్పుడూ జాగ్రత్తే.

మామూలుగా పిడుదు ఒంటిని పట్టుకుని ఒక రోజుకు పైగా ఉంటేనే బాక్టీరియా మనలోకి వస్తుంది. ఆ సాయంత్రమే దాన్ని తీసేస్తే చాలావరకు గండం గడిచినట్టే. బయటినుంచి రాగానే ఒంటిమీది బట్టలు తడపకుండా నేరుగా డ్రయర్‌లో వేసి ఎక్కువ వేడిమీద పది నిమిషాలు తిప్పు. స్నానం చేస్తూ మోకాళ్ల వెనక, గజ్జల్లో, చంకల్లో, బొడ్డులో, చెవుల వెనక, జుట్టు మొదళ్లలో చూసుకో. చేత్తో తడిమితే పిడుదు గరుకుగా తగులుతుంది. సన్నమొన ఉన్న ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిటారుగా పైకి లాగు. వాజిలిన్ పూయడం, అగ్గిపుల్లతో కాల్చడం చెయ్యకు. తీసినదాన్ని టేపుకి అంటించి తారీఖు వేసి ఉంచు. అది బాగా ఉబ్బి ఉంటే 72 గంటల్లోపు క్లినిక్‌కి వెళ్లు. అవసరమనుకుంటే ఒకే ఒక్క డోసు డాక్సీసైక్లిన్‌తో ముందే అడ్డుకుంటారు.

ఇక అసలు సంగతి, మచ్చ. కరిచిన 3 నుంచి 30 రోజుల మధ్య, ఎక్కువగా వారానికి, కరిచినచోట వస్తుంది. లైమ్ వచ్చినవాళ్లలో నూటికి 70, 80 మందికి కనిపిస్తుంది. పుస్తకాల్లో తెల్లటి ఒంటిమీద ఎర్రటి చుక్క, చుట్టూ ఉంగరంలా ఎర్రటి వలయం వేస్తారు. నువ్వు ఆ బొమ్మ కోసం చూస్తూ కూర్చుంటే మోసపోతావు. చాలామందికి వలయం ఉండదు, ఒకే రంగు మచ్చ ఉంటుంది. పైగా మన చామనచాయ మీద అది ఎర్రగా కాక గోధుమరంగులోనో, ఊదాగానో, కమిలినట్టుగానో కనిపించవచ్చు. నల్లటి ఒంటిమీద దీన్ని గుర్తుపట్టడం ఆలస్యమవుతుందని వైద్యులకు తెలుసు. అలా ఆలస్యమైనవాళ్లను చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మనవాడే ఒక కుర్రాడు మోకాలి వెనక మచ్చతో వచ్చాడు. తామర అనుకుని ఇండియా నుంచి తెచ్చుకున్న ఆయింట్‌మెంట్ రాస్తున్నాడు. దురద ఉందా అంటే లేదన్నాడు. వేలితో తడిమి చూశాను. పొట్టు లేదు, నున్నగా, కొంచెం వెచ్చగా ఉంది. నాలుగు రోజుల కిందట రూపాయి బిళ్లంతే ఉండేదట, ఇప్పుడు అరచేతికి మించిపోయింది. తామరైతే దురద పెడుతుంది, అంచున పొట్టు లేస్తుంది, వారాల తరబడి మెల్లగా పాకుతుంది. లైమ్ మచ్చ రోజుల్లోనే పెరుగుతుంది. పిడుదు కరిచిన మర్నాడే కనిపించి, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోయే చిన్న ఎరుపు దోమకాటు లాంటిదే, దానికి కంగారుపడక్కర్లేదు. అనుమానమొస్తే బాల్‌పెన్‌తో మచ్చ అంచు చుట్టూ గీత గీసి ఫొటో తీసుకో. మర్నాటికి మచ్చ గీత దాటిందంటే ఇక ఆలోచించకుండా బయల్దేరు.

మచ్చ లేకుండానూ లైమ్ వస్తుంది. జూన్, జులైల్లో జలుబూ దగ్గూ లేకుండా జ్వరం, చలి, తలనొప్పి, మెడ పట్టేయడం, ఒళ్లునొప్పులు, మంచం దిగలేనంత నీరసం, గజ్జల్లోనో చంకల్లోనో బిళ్ల కట్టడం ఉంటే, ఈమధ్య గడ్డిలో తిరిగానని డాక్టరుకు నువ్వే చెప్పు. వాళ్లు అడిగేదాకా ఆగకు. తొలి వారాల్లో రక్తపరీక్షలో తరచు ఏమీ కనిపించదు, ఎందుకంటే అది వెతికే యాంటీబాడీలు అప్పటికింకా తయారవవు. మచ్చ స్పష్టంగా ఉంటే పరీక్ష కోసం ఆగకుండా మందు మొదలుపెట్టాలి.

మందు సాధారణంగా డాక్సీసైక్లిన్, పది రోజులు. పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకుని, వెంటనే పడుకోకు. పాలతో, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకోకూడదు. ఆ రోజుల్లో ఎండ తగిలితే చర్మం త్వరగా కందిపోతుంది. మీ అమ్మ సూట్‌కేసులో పెట్టిన అజిత్రోమైసిన్ మాత్రం మింగకు. లైమ్‌కి అది అంత బాగా పనిచేయదు. మచ్చ దానంతటదే మాయమైనా జబ్బు పోయిందని అనుకోవద్దు. వారాలూ నెలలూ గడిచాక మూతి వంకరపోవచ్చు, మోకాలికి నీరు పట్టవచ్చు, గుండె లయ తప్పవచ్చు. ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడదడలాడినా తిన్నగా ఎమర్జెన్సీకే. మొదట్లోనే మందు పడితే దాదాపు అందరూ పూర్తిగా కోలుకుంటారు.

బిల్లు ఎంతవుతుందోనని నీలాంటి పిల్లలు రోజులు నెట్టేస్తారని నాకు తెలుసు. ముందు మీ యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌కి ఫోన్ చెయ్యి. ఇంకేదైనా ఖర్చు పడితే నేనున్నాను. మచ్చ ఏ రోజు కనిపించిందో, ఎంత పెరిగిందో ఫొటోలతో చూపించి, ఇది లైమ్ కావచ్చా అని సూటిగా అడుగు. అలా అడిగితే ఏ మంచి డాక్టరూ తప్పుపట్టడు.

ఈ ఉత్తరం మీ గదిలోవాళ్లకూ చదివి వినిపించు. కుక్కను పెంచుతున్న ఆ పైగది అబ్బాయికి కూడా చెప్పు. తుప్పల్లో తిరిగొచ్చిన కుక్క ఒంటిమీద ఎక్కి పిడుదులు మీ సోఫా దాకా వస్తాయి. లోపలికి రానిచ్చే ముందు దాని చెవులూ మెడా వేళ్లతో వెతకమను.

నీ మేనత్త