ఇంట్లో పని, ఆఫీసులో ప్రమోషన్

ప్రశ్న: భీమవరంలో ఇంటి నుంచే హైదరాబాద్ కంపెనీకి పనిచేస్తున్నాను. పని భేష్ అంటారు, ప్రమోషన్లు మాత్రం ఆఫీసుకెళ్లేవాళ్లకే. ఏం చేయాలి?

జవాబు: మీ అనుమానం ఉత్తిది కాదమ్మా. చైనా ట్రావెల్ సంస్థ సీట్రిప్‌లో 2010-11లో జరిగిన ప్రయోగంలో, ఇంటి నుంచి పనిచేసిన కాల్‌సెంటర్ ఉద్యోగుల పనితీరు 13 శాతం పెరిగింది. అంతే బాగా చేసిన ఆఫీసువాళ్లతో పోలిస్తే ప్రమోషన్లు మాత్రం తగ్గాయి. అదే సంస్థలో తర్వాత వారానికి రెండు రోజులే ఇంటి నుంచి చేసినవాళ్లకు ఆ నష్టం కనబడలేదు.

అందుకే నెలకోసారైనా, టీమంతా వచ్చే రోజు చూసుకుని వెళ్లండి. కొత్త ప్రాజెక్టుల సంగతి మీటింగుల్లో కన్నా క్యాంటీన్ టీ దగ్గరే ముందు తెలుస్తుంది. శుక్రవారం సాయంత్రం ఆ వారం చేసిన పని నాలుగు లైన్లలో మేనేజర్‌కు మెయిల్ చేయండి. (గొప్పలనుకుంటారేమోనన్న మొహమాటం వద్దు.) ప్రమోషన్ మాట అప్రైజల్‌కు మూణ్నెల్ల ముందే ఎత్తండి. అప్పటికప్పుడు అడిగితే జాబితా ఖరారైపోయి ఉంటుంది.