పైవాళ్లు చెప్పారని చేశాను అంటే కోర్టు ఒప్పుకుంటుందా?
యుద్ధ నేరాలపై తరచూ అడిగే ప్రశ్నలు

టీవీలో యుద్ధం కనిపించిన ప్రతిసారీ ఇంట్లో ఎవరో ఒకరు అంటారు: "ఇంతమందిని చంపుతుంటే అడిగే దిక్కే లేదా?" అడిగే చట్టం ఉంది. ఆలస్యంగా వస్తుంది, అందరిదాకా రాదు. అది ఎలా పనిచేస్తుందో చెప్పడానికి బోస్నియాలోని స్రెబ్రెనిత్సాను ఎంచుకున్నాను. అక్కడి నేరాలపై విచారణ మామూలు సైనికుడి నుంచి సైన్యాధిపతి దాకా నడిచింది, తీర్పులూ వచ్చాయి.

స్రెబ్రెనిత్సాలో ఏం జరిగింది?

యుగోస్లావియా ముక్కలవుతున్న రోజులవి. బోస్నియాలో సెర్బు సైన్యం ముస్లిం ఊళ్లను ఖాళీ చేయిస్తుంటే జనం స్రెబ్రెనిత్సా అనే చిన్న పట్టణంలో తలదాచుకున్నారు. 1993 ఏప్రిల్‌లో ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి దాన్ని సురక్షిత ప్రాంతంగా ప్రకటించింది. చివర్లో కాపలా ఉన్నది డచ్ సైనికులు. 1995 జులై 11న జనరల్ రాట్కో మ్లాదిచ్ సైన్యం పట్టణాన్ని ఆక్రమించింది. పక్కనే ఉన్న పొటొచారిలో ఆడవాళ్లను, చిన్నపిల్లలను బస్సులెక్కించి పంపేశారు, మగవాళ్లను పక్కకు తీశారు. అడవిదారిన పారిపోతున్న వాళ్లను వెంటాడి పట్టుకున్నారు. కొద్ది రోజుల్లోనే 8 వేల మందికి పైగా మగవాళ్లను, మగపిల్లలను చంపేశారు.

యుద్ధమన్నాక చావులు తప్పవు కదా, నేరం ఎక్కడ మొదలవుతుంది?

ఆయుధంతో ఎదురు నిలిచిన సైనికుణ్ణి చంపడం నేరం కాదు. ఆయుధం కింద పెట్టినవాణ్ణి, చేతికి చిక్కినవాణ్ణి, ఆయుధమే ముట్టని ఊరి మనిషిని కావాలని చంపితే అది యుద్ధ నేరం. మామూలు ప్రజల మీద పెద్ద ఎత్తునో, ఒక పథకం ప్రకారమో సాగే దాడిలో భాగంగా హత్యలు, అత్యాచారాలు, చిత్రహింసలు జరిగితే మానవాళిపై నేరం. దీనికి యుద్ధం జరుగుతూ ఉండాలన్న షరతు కూడా లేదు. బోస్నియాలోనే ఫోచా పట్టణంలో ఆడవాళ్లను నెలల తరబడి బంధించి చెరిచిన కేసులో, యుగోస్లావియా నేరాల విచారణకు భద్రతా మండలి పెట్టిన ట్రిబ్యునల్‌లో 2001 ఫిబ్రవరిలో ఈ నేరం కింద కూడా శిక్షలు పడ్డాయి.

ఒక జాతిని, ఒక మతంవాళ్లను పూర్తిగానో కొంతమేరకో తుడిచిపెట్టాలన్న ఉద్దేశంతో చేస్తే జాతి నిర్మూలన. రుజువు చేయడం అన్నింటికంటే కష్టం ఇదే. శవాలు లెక్కపెట్టి చూపితే చాలదు, చంపినవాళ్ల మనసులో ఏముందో చూపాలి. ఇంతమంది మగవాళ్లు పోతే ఆ సమాజం స్రెబ్రెనిత్సాలో మళ్లీ నిలబడలేదని చంపినవాళ్లకు తెలుసని న్యాయమూర్తులు తేల్చారు.

శవాలను పూడ్చిపెట్టేశాక సాక్ష్యం ఎక్కడి నుంచి వచ్చింది?

మట్టిలో నుంచే వచ్చింది. హత్యల సంగతి బయటికి పొక్కుతోందని తెలిసి, అదే ఏడాది సెప్టెంబరు, అక్టోబరుల్లో ఆ సైన్యం పెద్ద గుంతలను యంత్రాలతో తవ్వి, శవాలను లారీలకెత్తి, దూరంగా వేరే గుంతల్లో పోసింది. యంత్రం పళ్లకు దేహాలు తెగిపోయాయి. ఒకే మనిషి ఎముకలు రెండు మూడు చోట్ల దొరికాయి. కానీ మట్టి కూడా శవాలతోపాటే వెళ్లింది. సీసాల ఫ్యాక్టరీ దగ్గరి గుంతలోని గాజుపెంకులు, లేబుళ్లు రెండో గుంతలోనూ కనిపించాయి. ఏ గుంత నుంచి ఏ గుంతకు తరలించారో అలా బయటపడింది.

పోరాటంలో చనిపోయారని నిందితుల వాదన. కానీ గుంతల్లో కళ్లకు కట్టిన గుడ్డలు, చేతులు వెనక్కి కట్టిన తాళ్లు దొరికాయి. చేతివాచీలూ దొరికాయి. కీ ఇవ్వక్కర్లేని ఆటోమేటిక్ వాచీలు, వారం, తేదీ చూపేవి. చెయ్యి కదులుతున్నంత కాలం వాటంతటవే నడుస్తాయి. చెయ్యి ఆగాక ఒకటిన్నర, రెండు రోజులు నడిచి ఆగిపోతాయి. వాచీ ఏ రోజు దగ్గర ఆగిందో చూసి, వెనక్కి లెక్కగట్టి, దాన్ని కట్టుకున్న మనిషి ఎప్పుడు చనిపోయాడో నిపుణులు చెప్పగలిగారు. కోర్టు ఆ లెక్కను సాక్ష్యంగా తీసుకుంది.

"పైవాళ్లు చెప్పారు, చేశాను" అంటే?

ఈ ప్రశ్నకు ద్రాజెన్ ఎర్దెమొవిచ్ కేసే సమాధానం. 1995 జులై 16న బ్రాన్యెవో అనే వ్యవసాయ క్షేత్రంలో బస్సులాగడం, మనుషుల్ని దించడం, పచ్చికలో వరసగా నిలబెట్టి వెనక నుంచి కాల్చడం గంటల తరబడి సాగింది. కాల్చినవాళ్లలో అతడొకడు. వయసు 23. నేను కాల్చనన్నాడట. వాళ్ల మీద అంత జాలిగా ఉంటే వెళ్లి వాళ్ల వరసలోనే నిలబడమన్నారని కోర్టులో చెప్పాడు. అతడికి భార్య, పసిబిడ్డ ఉన్నారు. కాల్చాడు. తన చేతుల మీదుగా 70 మంది దాకా పోయి ఉంటారని తనే చెప్పాడు. ఎవరూ పట్టుకోకముందే 1996లో విలేకరుల దగ్గర నోరు విప్పాడు.

ప్రాణభయంతో చేశాడు కాబట్టి వదిలేయాలా? అయిదుగురు న్యాయమూర్తుల అప్పీలు బెంచి మీద ముగ్గురు కాదన్నారు, ఇద్దరు భిన్నాభిప్రాయం రాశారు. ప్రాణభయం శిక్షను తగ్గించగలదు కానీ అమాయకుల్ని చంపిన నేరాన్ని తుడిచేయలేదని ఆ ముగ్గురి మాట. చివరికి 1998లో అయిదేళ్ల శిక్ష వేశారు. తర్వాతి కేసుల్లో తన పైవాళ్ల మీద అతడు సాక్ష్యం చెప్పాడు. ఆ తీర్పు సరైనదనే నా నమ్మకం. అయిదేళ్లు చాలా తక్కువని ఆ డెబ్బై మందిలో ఒకరి తల్లి అంటే మాత్రం ఎదురు చెప్పడానికి నాకు నోరు రాదు.

ఇప్పటి అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు చట్టంలో ప్రాణభయం వాదనకు కాస్త చోటుంది, షరతులు కఠినం. పై అధికారి ఆజ్ఞ అన్న వాదన మాత్రం జాతి నిర్మూలనకు, మానవాళిపై నేరాలకు చెల్లదు. అలాంటి ఆజ్ఞ తప్పని ఎవరికైనా తెలిసే ఉంటుందని చట్టం ముందే అనుకుంటుంది.

ఆజ్ఞలిచ్చినవాళ్లు ఏమయ్యారు?

చాలాకాలం దొరకలేదు. బోస్నియా సెర్బుల రాజకీయ నాయకుడు రదొవాన్ కరాజిచ్ గడ్డం పెంచి, పేరు మార్చుకుని, బెల్‌గ్రేడ్‌లో ప్రకృతి వైద్యుడిగా తిరుగుతూ 2008లో పట్టుబడ్డాడు. మ్లాదిచ్ 2011 మేలో సెర్బియాలోని ఓ పల్లెలో దొరికాడు. ఇద్దరికీ అప్పీళ్లు ముగిసేసరికి జీవిత ఖైదే మిగిలింది, మ్లాదిచ్ తుది తీర్పు 2021 జూన్‌లో వచ్చింది. జనరల్ రాదిస్లావ్ క్రిస్తిచ్‌కు 35 ఏళ్లు. 1993లో భద్రతా మండలి పెట్టిన ఆ ట్రిబ్యునల్ మొత్తం 161 మందిపై అభియోగాలు మోపింది. పరారీలో ఒక్కరూ మిగల్లేదు. సెర్బియా అధ్యక్షుడిగా పనిచేసిన స్లొబొదాన్ మిలొషెవిచ్ మాత్రం తీర్పు రాకముందే 2006లో నిర్బంధంలో చనిపోయాడు.

ఇంత చేసినవాళ్లకు ఉరిశిక్ష ఎందుకు వేయరు?

ఈ కోర్టుల చట్టాల్లోనే మరణశిక్ష లేదు. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో మామూలుగా 30 ఏళ్లు గరిష్ఠం, నేరం మరీ ఘోరమైతే జీవిత ఖైదు.

ఐసీసీ, ఐసీజే ఒకటేనా?

కాదు. రెండూ నెదర్లాండ్స్‌లోని ది హేగ్ నగరంలోనే ఉండటంతో జనం కలిపేస్తారు. అంతర్జాతీయ న్యాయస్థానం, అంటే ఐసీజే, దేశాల మధ్య తగవులు తీరుస్తుంది, ఎవరినీ జైల్లో పెట్టదు. స్రెబ్రెనిత్సాలో జాతి నిర్మూలనను ఆపే బాధ్యతలో సెర్బియా విఫలమైందని 2007లో చెప్పింది ఇదే. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు, అంటే ఐసీసీ, మనుషుల్ని విచారిస్తుంది. 2002 జులై 1న మొదలైంది, అంతకు ముందటి నేరాలను ముట్టుకోదు.

ఐసీసీ ఎవరినైనా పట్టుకోగలదా?

దానికి పోలీసులు లేరు. వారెంటు ఇస్తుంది, పట్టుకోవాల్సింది దేశాలు. అప్పటి సూడాన్ అధ్యక్షుడు బషీర్ 2015లో సభ్య దేశమైన దక్షిణాఫ్రికా వెళ్లి తిరిగొచ్చాడు. రష్యా అధ్యక్షుడు పుతిన్ 2024లో సభ్య దేశమైన మంగోలియా వెళ్లివచ్చారు. ఇద్దరి మీదా అప్పటికే వారెంట్లున్నాయి. ఫిలిప్పీన్స్ మాజీ అధ్యక్షుడు దుతెర్తెను మాత్రం 2025 మార్చిలో సొంత దేశమే పట్టి అప్పగించింది. దేశంలోని కోర్టులు నిజాయతీగా విచారిస్తుంటే ఐసీసీ జోక్యం చేసుకోదు. సభ్య దేశాల నేల మీద జరిగినవి, సభ్య దేశాల పౌరులు చేసినవి, సభ్యత్వం లేని దేశం తనంతట తానే కోర్టుకు అధికారం ఇచ్చినవి, భద్రతా మండలి అప్పగించినవి మాత్రమే దాని పరిధిలోకి వస్తాయి. మండలిలో అయిదు దేశాల వీటో ఉన్నంతవరకు కొన్ని ఊళ్ల ఏడుపు అక్కడిదాకా చేరదు. ఈ వ్యవస్థలో నాకు అన్నింటికంటే బాధ కలిగించేది ఇదే.

భారత్ సభ్య దేశం కాదు కదా, మనకేం సంబంధం?

1998లో రోమ్‌లో ఐసీసీ ఒప్పందంపై ఓటింగు జరిగినప్పుడు భారత్ తటస్థంగా ఉండిపోయింది. భద్రతా మండలికి ఇచ్చిన పెత్తనం, అణ్వాయుధాలను నిషేధిత ఆయుధాల్లో చేర్చకపోవడం మన అభ్యంతరాల్లో ముఖ్యమైనవి.

అయినా మనకూ సంబంధం ఉంది. సహాయకుడి ఉద్యోగమని ఏజెంట్లు చెబితే నమ్మి రష్యా వెళ్లిన హైదరాబాద్ యువకుడొకరు ఉక్రెయిన్ యుద్ధంలో చనిపోయారన్న వార్త 2024 మార్చిలో వచ్చింది. అలా వెళ్లినవాళ్లు మరికొందరున్నారు. ఉక్రెయిన్ నేల మీద జరిగే నేరాలపై ఐసీసీకి అధికారముంది, చేసినవాడి పాస్‌పోర్టు మన దేశానిదైనా సరే. చిన్న సైనికుడి మీద ఐసీసీ కేసు పెట్టడం అరుదు, కానీ ఉక్రెయిన్ కోర్టులు పెట్టగలవు. మోసపోయి తుపాకీ పట్టినవాడు ముందు బాధితుడే. ఖైదీని కాల్చమన్నప్పుడు మాత్రం అతడి ముందూ బ్రాన్యెవో ప్రశ్నే ఉంటుంది. విదేశీ ఉద్యోగానికి సంతకం పెట్టే ముందు కాగితం ఏ భాషలో ఉందో, అందులో ఏముందో చదివించుకోండి.

మన చట్టంలో లోటూ ఉంది. జాతి నిర్మూలన ఒప్పందాన్ని భారత్ 1959లోనే ఆమోదించింది. శిక్షించే సెక్షన్లు ఇప్పటికీ రాలేదు. 1984 సిక్కుల హత్యాకాండ కేసులో 2018 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఈ లోటునే ఎత్తిచూపి, త్వరగా పూడ్చాలంది. కొత్త న్యాయ సంహితలోనూ ఆ సెక్షన్లు లేవు.

బాధితులకు ఏ హక్కులున్నాయి?

సమాచారం ఎవరైనా ఐసీసీ ప్రాసిక్యూటర్‌కు పంపవచ్చు, లాయరు అక్కర్లేదు. కేసు నడిచేటప్పుడు బాధితులు తమ లాయరు ద్వారా మాట్లాడవచ్చు, పరిహారం అడగవచ్చు. కాంగోలోని బొగోరో ఊరి మీద 2003లో జరిగిన దాడికి 297 మంది బాధితులకు తలా 250 డాలర్ల లెక్కన నామమాత్రపు పరిహారం 2017లో ప్రకటించారు. ప్రాణానికి అది వెల కాదని కోర్టుకూ తెలుసు. ఇళ్లకు, చదువులకు, మానసిక చికిత్సకు కలిపి ఇచ్చే సాయం దానికి తోడు.

స్రెబ్రెనిత్సా కుటుంబాలు ఇప్పుడేం చేస్తున్నాయి?

వెతుకుతూనే ఉన్నాయి. బంధువులిచ్చిన రక్తపు నమూనాలతో ఎముకల డీఎన్ఏను పోల్చి ఎన్నో వేల మందిని గుర్తించారు. గుర్తించిన వాళ్లను ఏటా జులై 11న పొటొచారిలో తెల్లరాళ్ల వరసల మధ్య ఖననం చేస్తారు. ప్రయోగశాల నుంచి కబురొచ్చాక ఇంటివాళ్లు ఒక నిర్ణయం తీసుకోవాలి: దొరికిన కాసిని ఎముకలనే ఇప్పుడు పూడ్చిపెట్టాలా, మిగతావి దొరికేదాకా ఆగాలా? కొందరు తల్లులు ఆగారు, ఆగుతూనే కన్నుమూశారు. ఇంకొందరు పూడ్చారు. మరో గుంతలో మరికొన్ని ఎముకలు బయటపడ్డాక, వాటినీ లోపల పెట్టడానికి ఆ సమాధిని మళ్లీ తెరిపించారు.