వెండి బిళ్లలు, కడ్డీలు: అమ్మే ముందు ఇంట్లోనే విలువ కట్టుకోండి

విత్తనాలు, ఎరువుల సమయంలో చేతిలో డబ్బు ఆడకపోతే ముందుగా గుర్తొచ్చేది బీరువాలోని వెండి. పండగకు కొన్న లక్ష్మీ బిళ్ల, పెళ్లిలో చదివించిన కడ్డీ, తాతల నాటి రూపాయలు... ఏదో ఒకటి చాలా ఇళ్లలో ఉంటుంది. దాని విలువ తెలియకుండా షాపు మెట్లెక్కితే అవతలివాడు చెప్పిందే ధర అవుతుంది. లెక్క కష్టమేమీ కాదు. బరువును టచ్‌తో హెచ్చించి 100తో భాగిస్తే అందులోని అసలు వెండి ఎన్ని గ్రాములో వస్తుంది. దాన్ని ఆనాటి గ్రాము ధరతో హెచ్చించాలి. పేపర్లో కిలో ధర ఇస్తే వెయ్యితో భాగించుకోండి.

తూకం దగ్గరే మొదటి తిరకాసు. పాత తులం 11.66 గ్రాములు. ఇప్పుడు బజారులో తులమంటే చాలామంది 10 గ్రాములే లెక్కిస్తారు. అందుకే తులాల్లో బేరమాడకండి, గ్రాముల్లోనే అడగండి. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన బిళ్ల మీద ఔన్సు అని ఉంటే అది 31.1 గ్రాములు. మామూలు ఔన్సులా 28 గ్రాములు కట్టనివ్వద్దు.

ఇక టచ్. బిళ్ల మీద 999 అని ఉంటే దాదాపు స్వచ్ఛమైన వెండి. 925 లేదా స్టెర్లింగ్ అంటే వందకు 92.5 పాళ్లు. జర్మన్ సిల్వర్‌లో పేరుకే సిల్వర్, వెండి చుక్క కూడా ఉండదు. అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. 2025 సెప్టెంబరు 1 నుంచి వెండి హాల్‌మార్కుకు కూడా ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబరు వేస్తున్నారు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి చూడొచ్చు. అయితే వెండికి హాల్‌మార్కు తప్పనిసరి చేయలేదు కాబట్టి ముద్ర లేని సరుకే ఎక్కువగా కనిపిస్తుంది.

ముద్ర లేని కడ్డీకి నీళ్ల పరీక్ష చేయొచ్చు. ముందు కడ్డీని తూచి బరువు రాసుకోండి. గ్రాములో పదోవంతు చూపే కాంటా మీద సగం నీళ్లున్న గ్లాసు పెట్టి సున్నా చేయండి. కడ్డీని దారంతో కట్టి, పూర్తిగా మునిగేలా, అడుగుకూ అంచులకూ తగలకుండా వేలాడదీయండి. అప్పుడు కాంటా చూపిన అంకెతో కడ్డీ బరువును భాగించాలి. 10.5 దగ్గరకొస్తే మంచి వెండి. 9 లోపు వస్తే రాగో, జర్మన్ సిల్వరో, పైన పూత మాత్రమే. 11 దాటితే సీసం ఉందేమోనని అనుమానించాలి. 100 గ్రాముల కడ్డీకి ఈ పరీక్ష బాగా పనికొస్తుంది. చిన్న బిళ్లలకు నమ్మకం తక్కువ. షాపులోని టచ్ మిషన్ పైపొరనే చూస్తుంది కాబట్టి మందపాటి పూత దాన్ని కూడా మోసం చేస్తుంది.

పాత రూపాయల్లో సంవత్సరమే ప్రాణం. బ్రిటిష్ రూపాయి సరిగ్గా తులం బరువు. 1835 నుంచి 1939 దాకా ముద్రించిన దాంట్లో 91.7 శాతం వెండి, అంటే 10.7 గ్రాములు. 1940 నుంచి 1945 దాకా వచ్చినవాటిలో సగమే, 5.8 గ్రాములు. 1947 రూపాయిలో వెండే లేదు, అది నికెలు, అయస్కాంతానికి అంటుకుంటుంది. లెక్క కోసం గ్రాము వంద రూపాయలనుకుంటే, మొదటి రకం పది రూపాయలకు 10,700, రెండో రకానికి 5,800 వస్తుంది. రెండూ కలిపి ఒకే రేటు కడతామంటే ఒప్పుకోకండి. నిజాం చార్మినార్ రూపాయి 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. హిజ్రీ 1361 నుంచి వచ్చినవాటిలో 50 శాతమే. దాని మీద అంకెలు ఉర్దూలో ఉంటాయి, చదవగలిగిన వారికి చూపించండి. 1939 నాటి బ్రిటిష్ రూపాయి అరుదైనది, సేకరించేవాళ్లు వెండి ధర కంటే ఎంతో ఎక్కువిస్తారు. నకిలీలూ అంతే ఎక్కువ. పాత నాణేన్ని చింతపండుతో తోమొద్దు, తోమితే సేకరించేవాళ్ల దగ్గర ధర పడిపోతుంది.

బొమ్మల బిళ్లలు, పెట్టెలో పెట్టిన సెట్ల సంగతి వేరు. కొనేటప్పుడు మజూరీ, 3 శాతం జీఎస్టీ, డబ్బా ఖర్చు అన్నీ కలుపుతారు. అమ్మేటప్పుడు అవేవీ తిరిగి రావు. ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో 1964లో మొదలైన ఫ్రాంక్లిన్ మింట్ అనే ప్రైవేటు టంకశాల స్టెర్లింగ్ వెండి పతకాలు, చిన్న కడ్డీలు సెట్లుగా అమ్మింది. 1980 జనవరిలో ఔన్సు ధర 50 డాలర్ల దగ్గరకు చేరినప్పుడు అలాంటి సెట్లు ఎన్నో కొలిమిలోకి పోయాయి. కాబట్టి సర్టిఫికెట్టు ఉన్నా ముందు తూకం ప్రకారమే లెక్క కట్టండి. సీలు మాత్రం విప్పకండి, టచ్ మీద గొడవ రాదు.

అమ్మడానికి కనీసం రెండు షాపులు తిరగండి. టచ్ ఎంత, తరుగు ఎంత, గ్రాముకు ఎంత అని విడివిడిగా అడగండి. ధర ఒప్పుకున్నాకే కరిగించనివ్వండి.

అమ్మకుండా తాకట్టు పెట్టే దారీ ఉంది. రిజర్వు బ్యాంకు 2025 జూన్ ఆదేశాల ప్రకారం వెండి నగలు 10 కిలోల వరకు, నాణేలు 500 గ్రాముల వరకు కుదువ పెట్టుకుని అప్పు ఇవ్వొచ్చు. కడ్డీల మీద ఇవ్వకూడదు. ఆదేశాల అమలుకు గడువు 2026 ఏప్రిల్ 1. అంటే పట్టీలు, కడియాలు తాకట్టుకు పనికొస్తాయి, కడ్డీ అమ్మకానికే. టచ్ మీ ఎదుటే చూడాలి, తూకం, టచ్ రాసిన కాగితం మీకివ్వాలి. అది చేతికొచ్చాకే సంతకం పెట్టండి.