అమెరికా ఎన్ని గంటల దూరం?

అమ్మాయి పురిటికో, మనవడి పుట్టినరోజుకో అమెరికా బయల్దేరుతున్న అక్కయ్యలూ, చెల్లెళ్ళూ! పిల్లలు వాట్సాప్‌లో టికెట్ పంపగానే మనం చూసేది ఎక్కే టైమూ, దిగే టైమూ. ఆ రెంటినీ చూసి ప్రయాణం ఎంతో లెక్కేసుకోకండి.

బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎక్కడా ఆగకుండా వెళ్తున్నారనుకుందాం. చలికాలంలో అక్కడి గడియారం మనకంటే పదమూడున్నర గంటలు వెనక. మధ్యాహ్నం 2 గంటలకి ఎక్కి 17 గంటలు ఎగిరితే, దిగేసరికి అక్కడ అదే రోజు సాయంత్రం 5:30. చూడబోతే మూడున్నర గంటల ప్రయాణం! నడుముకీ మోకాళ్ళకీ మాత్రం 17 గంటలూ తెలుస్తాయి.

తిరిగొచ్చేటప్పుడు ఇది తలకిందులు. 2021 జనవరి 9, శనివారం రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో లేచిన ఎయిరిండియా విమానం బెంగళూరులో దిగింది సోమవారం తెల్లవారుజామున. ఉత్తర ధ్రువం మీదుగా దాన్ని నడిపింది అందరూ ఆడపిల్లలే: కెప్టెన్లు జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనవారే, శివానీ మన్హాస్. వాళ్ళ పేర్లు చెప్తుంటే గర్వంగా ఉంటుంది నాకు.

ధ్రువం మీదుగా ఎందుకంటారా? పిల్లల గ్లోబు మీద ఆ రెండు ఊళ్ళకీ దారం బిగించి చూడండి, దగ్గర దారి ఉత్తరానికే పోతుంది. అలా కొలిస్తే దాదాపు 14 వేల కిలోమీటర్లు. గంటకు 900 చొప్పున పదిహేనున్నర గంటలు. కానీ విమానాలు తిరిగే ఎత్తులో పడమటి నుంచి తూర్పుకి గాలి ఉధృతంగా వీస్తుంది. దాన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. వెనక నుంచి తోస్తే త్వరగా చేరతాం, ఎదురైతే ఆలస్యం. దూరం మారకపోయినా గంటలు మారేది అందుకే.

హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా అయితే అక్కడిదాకా సుమారు 4 గంటలు, అక్కణ్ణుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి దాదాపు 16. మధ్యలో ఎదురుచూపు వేరు. శంషాబాద్‌కి మూడు గంటల ముందే చేరాలి. ఖమ్మం నుంచో, కర్నూలు నుంచో వచ్చేవాళ్ళకి కారులో ఇంకో మూడు నాలుగు గంటలు. అన్నీ కలిపితే ఒకటింబావు రోజు దాటుతుంది.

అందుకే ఒంటిని చూసుకోండి తల్లీ. బాత్‌రూమ్‌కి లేవాల్సొస్తుందని మనం నీళ్ళు తాగడం మానేస్తాం. అలా చెయ్యొద్దు, విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది. నడవ పక్క సీటు అడగండి. అప్పుడప్పుడూ లేచి తిరగండి, కూర్చున్నప్పుడు పాదాలు ఆడించండి. గంటల తరబడి కదలకపోతే కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. మందులన్నీ చేతిసంచిలోనే ఉండాలి. ఇన్సులిన్‌ని పెద్ద పెట్టెలో వేస్తే చలికి పాడవ్వచ్చు. గడియారం మారినప్పుడు ఏ డోసు ఎప్పుడో బయల్దేరకముందే డాక్టర్ని అడిగి కాగితం మీద రాయించుకోండి.

ఇంకొక్క మాట. ఖర్చెక్కువవుతుందని మొహమాటపడి, రెండు చోట్ల మారే చవక టికెట్‌కి తలూపేస్తాం. టికెట్ కొనకముందే, "మొత్తం ఎన్ని గంటలు? మధ్యలో ఎంతసేపు ఆగాలి?" అని అడగండి. మోకాళ్ళ నొప్పి, షుగరు దాచకుండా చెప్పండి. వీల్‌చైర్ కావాలంటే సిగ్గుపడకండి. బాలింతకి పథ్యం వండిపెట్టాల్సిన తల్లి వెళ్ళగానే మంచం పడితే ఆ పిల్లకే కష్టం. మీరు ఓపికతో దిగడమే తనకి కావలసింది.