పాత జీపునకు క్రొత్త యింజను

జగిత్యాల, కోరుట్ల పట్టణముల చెంతనుండు మన మేడిపల్లి వరియు, పసుపును, మామిడియు పండు సీమ. పూర్వము పంటను సంతకు జేర్చుటకు ఎడ్లబండి తప్ప వేఱు సాధనము లేకుండెను. 1932వ సంవత్సరమున నిజాము రాష్ట్ర రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో నారంభమైనది. బస్సు పోజాలని మట్టిబాటలకు తరువాతి కాలమున జీపు వచ్చినది.

జీపు యుద్ధములో పుట్టిన బండి. 1941 మొదలు 1945 వఱకు విల్లీస్, ఫోర్డు అను అమెరికా కంపెనీలు ఆఱు లక్షలకు పైగా జీపులను సైన్యముల కొఱకు నిర్మించినవి. 1947లో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను మన దేశమున గూర్చుట కారంభించెను. గట్టి యినుప చట్రము గల ఆ పాత బండ్లు కొన్ని నేటికిని నిలిచియున్నవి. చట్రము నిలిచినంత కాలము ఇంజను నిలువదు. దాని భాగములు దొరకుట కష్టము; పెట్రోలు ఖర్చు అధికము. కావున కొందఱు దానిని దింపి, తరువాతి కాలపు బండినుండి తీసిన డీజిలు ఇంజనును బిగింతురు.

విద్యార్థులారా! ఈ పని నాలుగు బోల్టులు విప్పి నాలుగు బోల్టులు బిగించుటయే యని తోచును. కాని ఇంజనును మార్చినవాడు బండి యంతటిని దానికి సరిపుచ్చవలసియుండును. ఏల యట్లగునో మనము పరిశీలింతము.

1. త్రిప్పుబలము

తిరుగలి పిడి మధ్యనుండి ఎంత దూరమున నుండునో, రాయి యంత సులభముగ తిరుగును. చేతి బలమును ఆ దూరముచే గుణింపగా వచ్చునది త్రిప్పుబలము. ఆ పని ఎంత త్వరగ జరుగునో తెలుపునది అశ్వశక్తి. ఈ రెండును వేఱు.

యుద్ధకాలపు విల్లీస్ ఇంజను 2.2 లీటర్లది. అది నిమిషమునకు 4,000 చుట్ల వద్ద 60 అశ్వశక్తి నిచ్చును. దాని గరిష్ఠ త్రిప్పుబలము సుమారు 142 న్యూటను-మీటర్లు. దీనితో పోల్చుటకు, మహీంద్రా బొలెరో బండిలో వాడిన 2,523 ఘన సెంటీమీటర్ల డీజిలు ఇంజనును గైకొందము. దాని శక్తి 3,200 చుట్ల వద్ద సుమారు 63 అశ్వశక్తి. త్రిప్పుబలము సుమారు 195 న్యూటను-మీటర్లు. శక్తి యించుమించు సమానమే. త్రిప్పుబలము మాత్రము మూడవవంతుకు మించి హెచ్చినది. ఆ హెచ్చంతయు పాత క్లచ్చి పలకమీదను, గేరు పండ్లమీదను, ఇరుసుమీదను పడును. అందుచేత తెలిసిన మేస్త్రీలు ఇంజనుతో పాటు దానికి తగిన గేరు పెట్టెను గూడ సమకూర్తురు.

మఱియు, 4,000 చుట్లు తిరుగు ఇంజనునకు బదులు 3,200 చుట్లు తిరుగునది వచ్చినపుడు, గేర్లను మార్చనిచో ఆ చుట్ల వద్ద బండి వేగము అయిదింట నాలుగు వంతులే యగును.

2. బరువు, వేడి, విద్యుత్తు

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఇంధనమును మండించును. డీజిలు ఇంజనులో రవ్వ లేదు. గాలిని మిక్కిలి నొక్కగా పుట్టిన వేడియే ఇంధనమును మండించును. విల్లీస్ ఇంజను సుమారు ఆఱున్నర రెట్లు మాత్రమే నొక్కగా, డీజిలు ఇంజను సాధారణముగ పదునైదు రెట్లో అంతకు మించియో నొక్కును. ఆ ఒత్తిడికి ఓర్చుటకు దాని గోడలు దళసరిగ నుండవలెను గనుక ఇంజను బరువగును. ముందరి కమాను కట్టలు క్రుంగును, స్టీరింగు బరువెక్కును.

ఇంధనము మండగా పుట్టిన వేడిలో ఇంచుమించు మూడవవంతు మాత్రమే పనిగా మారును. తక్కినదానిలో పెద్దభాగము పొగగొట్టము గుండను, రేడియేటరు గుండను పోవలెను. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటు మన ప్రాంతమున, చాలీచాలని రేడియేటరుతో ఇంజను నడుపుట దానిని చేతులార చెఱచుటయే.

యుద్ధకాలపు జీపు విద్యుత్తు 6 వోల్టులది. నేటి బండ్ల ఇంజనులకు 12 వోల్టులు కావలెను. ఇటీవలి డీజిలు ఇంజనులలో ఇంధనమును కొలిచి పంపుటకు చిన్న కంప్యూటరు కలదు. దానిని, దాని తీగలను విడిచి ఇంజనును మాత్రము కొనితెచ్చినచో అది పని చేయదు.

3. బ్రేకులు

అన్నిటికంటె ముఖ్యమైనది ఇది. చలనశక్తి వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును. గంటకు 40 కిలోమీటర్లు పోవు బండి 60 కిలోమీటర్ల వేగము నందుకొన్నచో వేగము ఒకటిన్నర రెట్లే. బ్రేకులు హరింపవలసిన శక్తి మాత్రము రెండుంబావు రెట్లు. యుద్ధకాలపు జీపునకున్నవి 9 అంగుళముల డ్రమ్ము బ్రేకులు. బరువు పెరిగి, క్రొత్త గేర్లతో వేగమును పెరిగినపుడు అవియే చాలునని నమ్మరాదు.

కొన్ని బండ్లలో పెట్రోలు ఇంజను గాలిని పీల్చునపుడు పుట్టు శూన్యము బ్రేకునకు తోడ్పడును. డీజిలు ఇంజనులో అట్టి శూన్యము తగినంత పుట్టదు గనుక ప్రత్యేకమైన పంపు కావలెను. అది లేనిచో పెడలు రాయివలె గట్టిపడును. ఆ బండిలో కూర్చుండువారు మన తల్లిదండ్రులు, తోబుట్టువులు, పసుపు బస్తాల ప్రక్కనుండు కూలివారు. కావున వేగమును కొనుటకు ముందు నిలుపుదలను కొనవలెను.

4. చట్టము

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ఇంజను మార్పునకు రిజిస్ట్రేషను అధికారి అనుమతిని కోరుచున్నది. తయారీదారు నిర్ణయించిన మూల లక్షణములకు భిన్నముగ వాహనమును మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. కావున మొదట అనుమతి, పిమ్మట పాన పట్టుట. పత్రమునందలి ఇంజను నంబరొకటియు, బండిమీది నంబరు వేఱొకటియు నైనచో, ప్రమాదము జరిగిన నాడు భీమా పరిహారము చిక్కులలో పడవచ్చును.

2021లో వచ్చిన నియమముల ప్రకారము 50 ఏండ్లు దాటి మూలరూపమున నున్న బండ్లకు ప్రాచీన వాహనములుగ ప్రత్యేకమైన నమోదు కలదు. ఇంజనును మార్చిన బండికి ఆ గౌరవము దక్కదు. బండిని చరిత్రగా కాపాడుటయా, పనికి వాడుటయా యని యజమాని ముందే నిశ్చయించుకొనవలెను.

5. వాడిన ఇంజనును కొనునపుడు

తల్లిదండ్రులకు కొన్ని సూచనలు. ఇంజను చల్లగ నున్నపుడు నడిపించి చూడవలెను. పొగ నీలముగ వచ్చుచున్న నూనె మండుచున్నదని గ్రహింపవలెను. నూనె పాలవలె తెల్లబడియున్న అందు నీరు చేరినదని యెంచవలెను. ఇంజను నంబరు చెఱిగియున్నను, అమ్మువాడు రసీదు నీయకున్నను, ఆ సొత్తు దొంగిలింపబడినదేమో యని శంకించి విడుచుట మేలు.

దూలమును మార్చునపుడు గోడ బలమును చూడని వడ్రంగి లేడు. పాత వస్తువును పాఱవేయక వాడుకొనుట మంచి గుణమే. ఆ పొదుపు ప్రాణములకు ముప్పు తేకుండ చూచుకొనుట శాస్త్రము నేర్చినవారి ధర్మము.

అభ్యాసము

1. తిరుగలి పిడిని మధ్యనుండి రెండు రెట్ల దూరమున నుంచిన త్రిప్పుబలము ఎన్ని రెట్లగును?
2. వేగము 30 కిలోమీటర్లనుండి 60 కిలోమీటర్లకు పెరిగినచో బ్రేకులు హరింపవలసిన శక్తి ఎన్ని రెట్లు పెరుగును?
3. డీజిలు ఇంజను పెట్రోలు ఇంజనుకంటె బరువుగ నుండుటకు కారణమేమి?