దక్షిణాఫ్రికా వర్ణవివక్ష – ప్రజాస్వామ్యముల ప్రతిస్పందన

నిరంకుశమైన పరరాజ్య ప్రభుత్వముపట్ల ప్రజాస్వామ్యదేశములు ఎట్లు వర్తింపవలెనను ప్రశ్నకు దక్షిణాఫ్రికా చరిత్రము ప్రధానోదాహరణము. తనకింకను స్వాతంత్ర్యము సిద్ధింపకముందే, 1946లో, ఆ దేశముతోడి వాణిజ్యమును నిషేధించి, అచ్చటి భారతీయులకు జరుగుచున్న అన్యాయమును విజయలక్ష్మీ పండిత్ నాయకత్వమున ఐక్యరాజ్యసమితి యెదుట నిలిపిన ఘనత భారతదేశముదే. నాటాలు చెఱకుతోటలకు కూలీలుగా తరలిన తెలుగువారి సంతతియు ఆ బాధితులలో నుండెనని మనము మఱవరాదు. 1974లో దక్షిణాఫ్రికాతో జరుగవలసిన డేవిస్ కప్ టెన్నిస్ తుదిపోటీని సైతము భారతదేశము వర్ణవివక్షకు నిరసనగా ఆడక విడిచెను. కప్పును కోల్పోయిన ఆ నిర్ణయమును మన క్రీడాచరిత్రమున ఒక మహోన్నత ఘట్టముగా నేనెంచుదును.

సంపన్నదేశములు మాత్రము చిరకాలము జంకినవి. 1963లో భద్రతామండలి కోరిన ఆయుధనిషేధము ఐచ్ఛికమే. అది 1977లో, 418వ తీర్మానముచే, సభ్యదేశములన్నిటికిని విధిగా మాఱెను. ఆంక్షలవలన నల్లజాతి శ్రామికులే నలుగుదురని వాదించిన అధ్యక్షుడు రీగన్ వీటోను అమెరికా కాంగ్రెసు 1986లో త్రోసిపుచ్చి, సమగ్ర ఆంక్షల చట్టమును నెగ్గించెను. ఆ బాధ నెఱిగియు ఆంక్షలను కోరినవారిలో పీడితుల నాయకులే అగ్రగణ్యులనుట ఇచ్చట విస్మరింపరానిది. 1990 ఫిబ్రవరి 11న వర్ణవివక్ష వ్యతిరేకోద్యమ నాయకుడు నెల్సన్ మండేలా చెఱనుండి విడుదలనొందెను. 1993లో భారతదేశము దక్షిణాఫ్రికాతో దౌత్యసంబంధములను పునరుద్ధరించెను. 1994 ఏప్రిలులో సకలజాతులవారును సమానముగా ఓటు వేసిన తొలి ఎన్నికలు జరిగెను.