ఫుట్‌పాత్ మీద మన పొరుగువారు

ఉద్దేశము: ధనిక నగరములో ఇల్లు లేనివారు ఎందుకున్నారో తెలిసికొనుట, సంఘముగా మనము చేయదగిన పనిని గుర్తించుట.



ముంబయి మన దేశములో మిక్కిలి ధనము గల నగరము. అయినను 2011 జనాభా లెక్కల ప్రకారము అక్కడ నూటికి దాదాపు నలభై మంది మురికివాడలలో ఉన్నారు. ఆ గుడిసె కూడ లేనివారు ఫుట్‌పాత్‌ల మీద పడుకొంటున్నారు. వారిని చూచి, "ఏదైనా పని చేసికొనరాదా?" అని మనలో కొందరము అంటాము. ఈ మాట న్యాయమేనా?

1. వారు పని లేనివారు కారు

1981 వానకాలములో మహారాష్ట్ర ప్రభుత్వము ఫుట్‌పాత్ నివాసులను తొలగించ పూనుకొన్నది. ఓల్గా టెల్లిస్ అను పత్రికా రచయిత్రియు, ఆ నివాసులు కొందరును సుప్రీంకోర్టుకు వెళ్లారు. పని దగ్గర గనుకనే అక్కడ ఉంటున్నామనియు, వెళ్లగొట్టితే బ్రతుకుతెరువే పోవుననియు నివాసులు మొరపెట్టుకొన్నారు.

2. కోర్టు ఏమి చెప్పినది?

1985 జూలై 10న ఐదుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. జీవించు హక్కులో జీవనోపాధి హక్కు కూడ ఇమిడియున్నదన్నారు. అయితే ఫుట్‌పాత్‌ను ఆక్రమించు హక్కు ఎవరికిని లేదనియు, నోటీసు ఇచ్చి తొలగించవచ్చుననియు చెప్పారు. 1976 లెక్కలలో పేరు ఎక్కినవారికి మాత్రము వేరు స్థలము ఇవ్వవలెనన్నారు.

3. ఒక కాగితము విలువ

అనగా ఒకే కష్టము చేసిన ఇద్దరిలో పేరు ఎక్కినవానికి చోటు, ఎక్కనివానికి నోటీసు. నేటికిని ముంబయి మురికివాడల పునర్నిర్మాణములో ఉచిత ఇల్లు కావలెనంటే 2000 జనవరి 1కి ముందునుండి ఉన్నట్లు రుజువు చూపవలెను.

4. మనకేమి సంబంధము?

ఆ నగరములోని కామాఠిపురకు ఆ పేరు తెలుగు ప్రాంతమునుండి వచ్చి కట్టడపు పనులు చేసిన కామాఠీల వలన కలిగినది. ఊరు విడిచి కూలికి వచ్చినవారి సంతతి మనలోను ఉన్నారు. కాబట్టి "వారు" అని వేరుచేసి మాట్లాడుట మనకు తగదు.

మనము చేయగలది ఉన్నది. చదువు వచ్చినవారు రానివారికి రేషను కార్డు, ఓటరు కార్డు దరఖాస్తులు వ్రాసిపెట్టవలెను. పాత రసీదులు, కరెంటు బిల్లులు పారవేయవద్దని చెప్పవలెను.

ఆలోచించుడి

1. పట్టణములలో లక్ష జనాభాకు ఒక వసతి గృహము ఉండవలెనని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించినది. మన పట్టణములో అది ఎక్కడ ఉన్నది?

2. మన సంఘములో అద్దె కట్టలేక మౌనముగా ఉన్న కుటుంబము ఏది? ఈ వారము వారి ఇంటికి ఎవరు వెళ్తారు?